గురుత్వాకర్షణ సర్వేలును స్థాననిర్ణయ పద్ధతులును

భూగర్భమునందు నీరు నిలుచుటకు తగిన పొర యెక్కడనున్నది, బండ యెంత లోతున తగులును, బొగ్గుగాని నూనెగాని యే శిలల క్రింద దాగియున్నది అను విషయములను త్రవ్వకయే కొంతవరకు తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు అనుసరించు మార్గములలో గురుత్వాకర్షణ సర్వే యొకటి. ఈ పనికై వచ్చు బృందములు పొలముల వెంట పోవునపుడు, ఒకరు చిన్న పెట్టెను నేలపై నుంచి, దాని మట్టము సరిచేసి, కొన్ని నిమిషములు చూచి అంకె వ్రాసికొందురు. వేరొకరు ఒక గడను నిలువుగా పట్టుకొని ప్రక్కనే నిలుచుందురు. చూచువారి దృష్టి యంతయు పెట్టెమీదనే యుండును. గడ పట్టినవానిని సామాన్యపు సహాయకుడని తలంచుట వాడుక. కాని యీ సర్వేలో ఫలితము చెడినపుడు, దోషము పెట్టెయందుకంటె గడతో తీసిన లెక్కయందే తరచుగా కనబడుచుండును. ఆ గడ యేల, దానితో తీయు లెక్క యెట్టిది, అది తప్పినచో కర్షకునకు కలుగు నష్టమేమి అను సంగతులను మా పాఠకుల యెదుట నుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

తూచునది యేమి?

భూమి ప్రతి వస్తువును తనవైపునకు లాగుచుండును. ఈ ఆకర్షణ యన్నిచోట్ల నొక్కటి కాదు. దీనిని గెలీలియో పేర నేర్పడిన 'గాల్' అను కొలతతో లెక్కింతురు. సముద్రమట్టమున భూమధ్యరేఖ కడ నిది సుమారు 978 గాల్‌లు. ధ్రువముల కడ 983 గాల్‌లు. గాల్‌లో వేయవ వంతు మిల్లీగాల్. సర్వేలలో వెదకు తేడాలు మిల్లీగాల్‌లలోను, వాని పదవ, నూరవ వంతులలోను ఉండును.

ఈ కొలత యెంత సూక్ష్మమైనదో మన ధాన్యపు లెక్కలో చెప్పవచ్చును. ఒక మిల్లీగాల్ అనగా భూమ్యాకర్షణలో సుమారు పదిలక్షలవ వంతు. నూరు కిలోల వడ్లబస్తాను ఒకచోట తూచి, ఆకర్షణ ఒక మిల్లీగాల్ హెచ్చుగానున్న వేరొకచోట తూచినచో, బరువులో హెచ్చు నూరు మిల్లీగ్రాములు మాత్రమే. అనగా నాలుగైదు వడ్లగింజలు. అదియును తక్కెడతో తూచినచో తెలియదు. ఏలయన తక్కెడలో ధాన్యమును, తూనికరాళ్లను భూమి సమానముగనే లాగును. స్ప్రింగు త్రాసులోనే ఆ తేడా బయటపడును. గ్రావిమీటరు అనబడు ఆ చిన్న పెట్టె యట్టి స్ప్రింగు త్రాసే. కాని మిల్లీగాల్‌లో నూరవ వంతును సయితము పట్టగలిగినంత సున్నితమైనది.

నేలక్రింద బరువైన శిల పైకి వచ్చియున్నచోట ఆకర్షణ హెచ్చును. తేలికైన మొరము, ఇసుక, ఒండ్రు లోతుగా నిండియున్నచోట తగ్గును. గోదావరి లోయయందు సింగరేణి బొగ్గును గర్భీకరించుకొనిన పొరలు ఇరుప్రక్కల నున్న ప్రాచీన శిలలకంటె తేలికైనవగుటచే, అచ్చట ఆకర్షణ తగ్గియున్నట్లు సర్వేలు చూపినవి. కడప శిలామండలముయొక్క నైరుతిభాగమున నిది హెచ్చియున్నది; లోతున బరువైన శిలలు చొచ్చుకొని యుండుటయే కారణమని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. హైదరాబాదునందు 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారు 1975లో యావద్భారతమునకు గురుత్వ పటములను ప్రకటించిరి. ఇట్టి పటములోని ప్రతి చుక్కయు ఎవరో యొకరు ఒక పెట్టెను నేలపై నుంచి, ఆ నేలయొక్క స్థానమును నిర్ణయించుటవలన వచ్చినదే.

ఎత్తు తప్పినచో ఏమగును?

భూమికి దూరమగుకొలది ఆకర్షణ తగ్గును. ఒక మీటరు పైకి పోయినచో 0.3086 మిల్లీగాల్ తగ్గును. అయితే మెరకనేలపై ఆ మీటరు మందమున గాలి కాక శిల యుండును. ఆ శిలయు తనవంతు లాగును. ఘనసెంటీమీటరునకు 2.67 గ్రాముల సాంద్రత గల సామాన్యశిలకు 0.1119 మిల్లీగాల్ ఇట్లు తిరిగి కలియును. రెండింటిని సరిచూడగా, మెరకకు మీటరొక్కింటికి 0.1967, అనగా ఇంచుమించు ఐదవ వంతు మిల్లీగాల్ తేడా మిగులును. పొలములలో మెరకపల్లములు సహజము గావున, ఈ తేడాను లెక్కించి తీసివేసిన పిమ్మటగాని భూగర్భపు సంగతి బయటపడదు. తీసివేయవలెనన్నచో ప్రతి చోటి యెత్తును తెలిసియుండవలెను.

ఒక యుదాహరణమును చూతము. ఒక గ్రామపు రాతినేలలో పూర్వకాలపు వాగు పూడిపోయి, 20 మీటర్ల మందమున మొరమును ఇసుకయు విశాలముగా నిండియున్నదనుకొందము. ఆ పూడిక చుట్టునున్న బండకంటె ఘనసెంటీమీటరునకు అరగ్రాము తేలికయైనచో, దానిమీద ఆకర్షణ తగ్గునది సుమారు 0.42 మిల్లీగాల్. బోరు వేయదలచిన రైతునకు కావలసినది ఈ తగ్గుదలయే. ఇపుడు ఎత్తు వ్రాయుటలో రెండు మీటర్ల పొరపాటు దొరలినదనుకొందము. దానివలన వచ్చు తేడా 0.39 మిల్లీగాల్. ఉన్న యెత్తుకంటె రెండు మీటర్లు తక్కువగా వ్రాసినచో, లేని వాగు పటములో పుట్టును. ఎక్కువగా వ్రాసినచో, ఉన్న వాగు పటమునుండి మాయమగును. గ్రావిమీటరు తన పని నిర్దోషముగా చేసినను, రైతు అప్పుచేసి బండలో బోరు వేసికొనును. లేదా నీరున్నచోటును విడిచిపెట్టును.

ఎత్తుతో పాటు ఉత్తరదక్షిణముల స్థానమును తెలియవలయును. భూమి తన చుట్టు తాను తిరుగుటచేతను, ధ్రువముల కడ కొంచెము అణగియుండుటచేతను, ఉత్తరముగా పోవుకొలది మన దేశమున ఆకర్షణ హెచ్చును. తెలుగునాట, 17వ అక్షాంశమున, కిలోమీటరొక్కింటికి ఈ హెచ్చు సుమారు 0.45 మిల్లీగాల్. తూర్పుపడమరలకు పోయినచో ఈ హెచ్చుతగ్గు లేదు. పై రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచినచో ఒక ముఖ్యవిషయము తేలుచున్నది. ఎత్తులో 5 సెంటీమీటర్ల పొరపాటును, ఉత్తరదక్షిణములలో 20 మీటర్ల పొరపాటును ఇంచుమించు సమానమైన కీడునే చేయును. రెండింటివలనను నూరవ వంతు మిల్లీగాల్ తప్పు వచ్చును. కావున స్థాననిర్ణయమున ఎత్తునకు చూపవలసిన జాగ్రత్త తక్కినదానికంటె నాలుగువందల రెట్లు హెచ్చని చెప్పవచ్చును.

పూర్వుల యనుభవము

ఈ సంగతి నేడు క్రొత్తగా తెలిసినది కాదు. 1672లో ఫ్రాన్సు దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు రిషే భూమధ్యరేఖకు చేరువనున్న కయేన్ పట్టణమునకు పోగా, పారిసులో సరిగా నడచిన లోలకపు గడియారము అచ్చట దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడెను. స్థానము మారుటచే ఆకర్షణ మారినదని దానివలన తెలిసెను. 1735లో దక్షిణ అమెరికాకు పయనమైన బృందములోని బూగేరు, ఆండీసు పర్వతములయందును సముద్రతీరమునను లోలకములను పరీక్షించి, ఎత్తునకును, నడుమనున్న శిలకును వేరువేరుగా లెక్క కట్టుటెట్లో చూపెను. శిలకై చేయు సవరణ నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది.

మన దేశమున జరిగిన యొక సంఘటన మరింత విచిత్రమైనది. ఎవరెస్టు నాయకత్వమున జరిగిన మహాత్రికోణమితి సర్వేలో, ఉత్తరమున హిమాలయములకు చేరువనున్న కలియానాకును, మధ్యదేశమునందలి కలియాన్‌పూరునకును గల అక్షాంశభేదమును రెండు విధముల లెక్కించిరి. నక్షత్రములనుబట్టి తీసినది యొకటి. నేలపై త్రికోణములు కొలిచి తీసినది రెండవది. రెండింటికిని 5.236 వికలలు, అనగా నేలమీద సుమారు 160 మీటర్లు తేడా వచ్చెను. 1855లో కలకత్తాయందలి ప్రాట్ అను మతాధికారి దీనిని పరిశీలించి, హిమాలయముల బరువు తూకపుగుండును ప్రక్కకు లాగుటవలన నక్షత్రపు లెక్క చెడుచున్నదని సూచించెను. కాని పర్వతముల పరిమాణమునుబట్టి లెక్కింపగా గుండు ఇంకను మిక్కుటముగా ఒరగవలసియుండెను. పర్వతముల క్రింద తేలికైన వేరు లోతుగా దిగియుండుటచే ఆ యొరగుట తగ్గినదని అదే సంవత్సరమున ఇంగ్లండులోని ఎయిరీ వివరించెను. తాపీవాడు గోడకు పట్టు గుండు సయితము భూగర్భపు బరువునుబట్టి ఒరగునన్నచో, ఆకర్షణను కొలుచుటకు స్థానము తెలియవలయును, స్థానమును కొలుచుటకు ఆకర్షణ తెలియవలయును అని యేర్పడుచున్నది. 1865 మొదలు 1871 వరకు బసేవీ యను అధికారి కన్యాకుమారివైపునుండి హిమాలయములవరకు లోలకములను మోసికొనిపోయి పరిశీలించి, కడకు లడక్ ప్రాంతపు పీఠభూమియందు ఆ పనిలోనే అసువులు బాసెను.

ఎత్తుపల్లముల చిక్కును తప్పించుకొనుటకు హంగరీ దేశపు ఎట్వష్ చేసిన యుపాయమును ఇచ్చట తెలుపదగును. ఆయన నిర్మించిన మెలిత్రాసు చుట్టుప్రక్కల నున్న చిన్న గట్టును సయితము గుర్తించునంత సున్నితమైనది. కావున 1901, 1903 సంవత్సరముల శీతకాలములందు ఆయన దానిని గడ్డకట్టిన బలతోన్ సరస్సు మీదికి తీసికొనిపోయెను. మంచు సమతలము గావున చుట్టును గట్లు గాని గుంటలు గాని లేవు. అంతటను ఒక్కటే యెత్తు. సరస్సు క్రింది భూమియొక్క నిర్మాణము మాత్రమే త్రాసుపై పనిచేసెను. ప్రకృతి యిచ్చిన యట్టి మట్టము మనకు లేదు. మన పొలములలో మట్టమును మనుష్యుడే కొలిచి తీయవలసియున్నది.

మట్టము తీయు విధానములు

ప్రథమమైనది వాయుభారమాపకము. పైకి పోవుకొలది గాలి పీడనము తగ్గును. మన ప్రాంతమున తొమ్మిది మీటర్లకు సుమారు ఒక మిల్లీబారు. త్వరగా పని సాగును, సామగ్రి స్వల్పము. కాని మన దేశమున ఆకాశము నిర్మలముగా నున్న దినమున సయితము ఉదయము పది గంటలకును సాయంకాలము నాలుగు గంటలకును నడుమ పీడనము మూడు నాలుగు మిల్లీబారులు తగ్గును. ఎరుగక చూచువానికి నేలయే ముప్పది మీటర్లు పైకి లేచినట్లు కనబడును. ఇందుకై ఒక మాపకమును స్థిరముగా నొకచోట నుంచి, దాని మార్పులను రెండవదానినుండి తీసివేయుదురు. అట్లు చేసినను కొన్ని మీటర్ల సందేహము మిగులవచ్చును. దేశమంతటికి స్థూలమైన పటము వ్రాయుటకు ఇది చాలియుండెను. ఒక గ్రామపు పూడికవాగును వెదకుటకు చాలదు.

రెండవది లెవెలింగు. కాలువల పనులలో డంపీ లెవెలును, అంకెలు వ్రాసిన స్టాఫు కర్రను మన రైతులందరును చూచియున్నారు. యంత్రమును రెండు కర్రలకు సమానదూరమున నడుమ నుంచి, వెనుక కర్రను ముందు కర్రను చదివి, ఆ తేడాలను కూడుకొనుచు పోవుదురు. దూరములు సమానముగా నున్నచో యంత్రపు చిన్న లోపమును, భూమి వంపును రెండు వైపుల సమమై పోవును. కొంత దూరము పోయి బయలుదేరిన రాతి కడకే తిరిగి వచ్చినపుడు లెక్క సున్నకు రావలయును. రాని భాగము పని నాణ్యతకు సాక్ష్యము. మంచి పనివాడు కిలోమీటరు పొడవున కొన్ని మిల్లీమీటర్లకు మించి తప్పడు. ఇంత నమ్మకమైన పద్ధతి వేరొకటి లేదు. కాని ఇంత నిదానమైనదియు వేరొకటి లేదు. చెరకుతోటలలోను, వరిమళ్లలోను దినమునకు సాగునది స్వల్పమే.

ఈ లెవెలింగునకు ఆధారము బెంచిమార్కు రాళ్లు. మన దేశమున 1909లో ముగించిన లెక్కలో విశాఖపట్టణము, మదరాసు మొదలగు తొమ్మిది రేవులయందలి సగటు సముద్రమట్టమును సున్నగా గైకొని, దేశమంతటను రాళ్లకు ఎత్తులు కట్టిరి. ఆనకట్టలును కాలువలును రైలుమార్గములును ఆ యెత్తులను ఆశ్రయించియే నిర్మింపబడినవి.

మూడవది ఉపగ్రహముల సహాయముచే స్థానము నిర్ణయించుట. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు జి.పి.యస్. ఉపగ్రహములు పంపు సంకేతములు చేరుటకు పట్టిన కాలమునుబట్టి, కనీసము నాలుగింటి దూరములను లెక్కించి, యంత్రము తాను నిలిచిన చోటును చెప్పును. చేతిలో పట్టుకొను చిన్న యంత్రము అడ్డముగా కొన్ని మీటర్ల వరకు సరిగా చెప్పును. అక్షాంశపు సవరణకు అది చాలును. కాని యెత్తును చెప్పుటలో దాని తప్పు అంతకంటె హెచ్చు. ఉపగ్రహములన్నియు మన నెత్తిపైననే యుండి, కాళ్లక్రింద నొకటియు లేకపోవుటచే నిలువు లెక్కకు సరియైన పట్టు దొరకదు. పై యుదాహరణములో రెండు మీటర్ల తప్పే వాగును పుట్టించెను గదా. చేతియంత్రపు ఎత్తు దానిని మించియు తప్పవచ్చును.

కావున ఒక యంత్రమును ఎత్తు తెలిసిన రాతిమీద స్థిరముగా నుంచి, రెండవదానిని గడపై నుంచి పొలములలో త్రిప్పుదురు. రెండింటికిని ఒకే ఉపగ్రహములనుండి ఒకేవిధమగు తప్పులు వచ్చును గావున, ఒకదానినుండి రెండవదానిని తీసివేసినచో తప్పులు పోయి తేడా మిగులును. తరంగముల భాగములను సయితము లెక్కించు ఈ పద్ధతిచే ఎత్తు కొన్ని సెంటీమీటర్లలోపల సరిగా తెలియును. 2020లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన భూముల రీసర్వేలో రైతులు చూచిన రోవరు ఇట్టిదే. ప్రతి బృందమును స్వంతముగా స్థిరయంత్రము నుంచుకొననవసరము లేకుండ, రేయింబవళ్లు పనిచేయు స్థిరకేంద్రములను సర్వే ఆఫ్ ఇండియావారు దేశమున నెలకొల్పియున్నారు.

ఈ పద్ధతియందును జాగ్రత్తలు లేకపోలేదు. మామిడితోట, కొబ్బరితోటల నీడలో సంకేతము చెడును. రేకుల పైకప్పులనుండి తిరిగివచ్చు సంకేతము తప్పుదూరమును చూపును. గడ పొడవును తప్పుగా వ్రాసినచో ఆ తప్పు యథాతథముగా ఎత్తులోనికి వచ్చును. గ్రావిమీటరు ముక్కాలిపీటపై నున్నదా, నేలపైననే యున్నదా యనుటయు వ్రాసియుండవలయును. ఒక అడుగు తేడాయైనను ఆకర్షణలో దాదాపు పదవ వంతు మిల్లీగాల్ మార్పు తెచ్చును.

రెండు సున్నలు కలిసినచో వచ్చు చిక్కు

ఇచ్చట ఒక సూక్ష్మవిషయమును ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. బెంచిమార్కు రాయి చెప్పు ఎత్తు సముద్రమట్టమునుండి తీసినది. ఉపగ్రహయంత్రము చెప్పు ఎత్తు, భూమికి బదులుగా గణితమున ఊహించిన నున్నని గోళాకృతినుండి తీసినది. ఈ రెండు సున్నలు ఒక్కచోట లేవు. లోకమున సముద్రమట్టము ఆ గణితాకృతికంటె మిక్కిలి క్రిందికి దిగియున్న తావు సింహళమునకు దక్షిణమున హిందూమహాసముద్రములో నున్నది. అచ్చట దిగుదల నూరు మీటర్లకు పైన. ఆ పల్లపు ప్రభావము మన దేశమును గూడ ఆవరించియున్నది. హైదరాబాదు ప్రాంతమున ఒకే చోటికి ఉపగ్రహపు ఎత్తు సముద్రమట్టపు ఎత్తుకంటె 70 మీటర్లకు పైగా తక్కువగా వచ్చును.

ఒక సర్వేలోని చోట్లన్నింటికిని ఒకే సున్ననుండి ఎత్తు తీసినచో, చిన్న ప్రదేశమున పెద్ద చిక్కు లేదు. కాని పాతకాలపు బెంచిమార్కుల ఎత్తులను, నేటి రోవరు ఎత్తులను విచారింపక ఒకే పట్టికలో కలిపినచో, నడుమ పదుమూడు మిల్లీగాల్‌లకు మించిన గట్టు పుట్టును. అట్టి గట్టు ఏ శిలవలనను ఏర్పడినది కాదు. గుమాస్తా కలమువలన నేర్పడినది. యంత్రములలో కొన్ని తామే మార్చి సముద్రమట్టపు ఎత్తును చూపును; కొన్ని మార్చవు. కావున అంకెతో పాటు అది యే సున్ననుండి తీసినదో వ్రాయుట తప్పనిసరి.

స్థానమును సరిగా నిర్ణయించిన పిమ్మటను చుట్టుప్రక్కల సంగతి మిగులును. 10 మీటర్ల వ్యాసమును 15 మీటర్ల లోతును గల పెద్ద నుయ్యి యంచునకు 5 మీటర్లలో పెట్టెనుంచినచో, ఆ గోతిలో లేని మన్ను లాగదు గావున, ఆకర్షణ ఇరువదవ వంతు మిల్లీగాల్ తగ్గినట్లు కనబడును. చెరువుకట్ట, గుట్ట, లోతైన వాగు ఇట్టివే. వీనిని బృందమువారు చూచి సవరింతురు. కాని పైకి కనబడక పూడ్చివేసిన పాతనూతిని ఊరివారు చెప్పినగాని వారెరుగరు.

సముద్రముమీదను ఆకాశమునందును

నేలపై ఎత్తునకు గల ప్రాముఖ్యము ఓడలోను విమానములోను వేగమునకు సంక్రమించును. తూర్పునకు పోవు వస్తువు భూమితో పాటు మరింత వడిగా తిరుగును గావున కొంచెము తేలికయగును. పడమరకు పోవునది బరువగును. మన అక్షాంశమున ఓడ తూర్పువేగమును గంటకు ఒక్క నాట్, అనగా 1.85 కిలోమీటర్లు, తప్పుగా లెక్కించినచో 7 మిల్లీగాల్‌లకు పైగా తప్పు వచ్చును. డచ్చి శాస్త్రజ్ఞుడు వెనింగ్ మైనెస్ 1923 మొదలుకొని జలాంతర్గామి నావలలో పయనించి సముద్రములపై ఆకర్షణను కొలిచెను. నీటిలోపల అలల తాకిడి తక్కువయని ఆయన ఆ నావలను ఎన్నుకొనెను. తీరము కనబడని చోట వేగమును సరిగా నెరుగుట నాటికి కష్టతరమై యుండెను. ఉపగ్రహపద్ధతి వచ్చిన పిమ్మటనే సముద్రపు సర్వేలును విమానపు సర్వేలును మేలైన ఖచ్చితమును పొందినవి.

స్థానమునే కొలిచి ఆకర్షణను తెలిసికొను విధమును గూడ కలదు. 2002 మార్చిలో ప్రయోగింపబడిన 'గ్రేస్' అను జంట ఉపగ్రహములు సుమారు 220 కిలోమీటర్ల యెడముతో ఒకదానివెంట నొకటి పోవుచు, తమ నడుమ దూరమును వెండ్రుక మందములో స్వల్పభాగమువరకు కొలుచుకొనినవి. బరువైన ప్రదేశము రాగానే ముందుపోవునది మొదట లాగబడి, ఆ యెడము మారును. 2009లో ప్రకటింపబడిన లెక్కనుబట్టి, 2002 ఆగష్టు మొదలు 2008 అక్టోబరు వరకు రాజస్థానము, పంజాబు, హర్యానా ప్రాంతములలో తోడివేయబడి తిరిగి నిండని భూగర్భజలము 109 ఘనకిలోమీటర్లు. ఆ జంట 2017లో పని ముగించెను. 2018 మేలో దాని స్థానమున క్రొత్త జంటను పంపిరి. అయితే ఇవి వందల కిలోమీటర్ల ప్రదేశమును మాత్రమే చూడగలవు. ఒక గ్రామపు నేలను చూచుటకు నేలమీది పెట్టెయు, గడయు తప్పవు.

కర్షక సంఘముల కర్తవ్యము

గురుత్వాకర్షణ సర్వే నీటిని చూపదు. తేలికైన నేలను, బరువైన నేలను చూపును. తేలికైన నేలయందెల్ల నీరుండుననియు లేదు. విద్యున్నిరోధపు పరీక్షతోను, ఊరిలోని పాతబోరుల అనుభవముతోను కలిపి చూచినపుడే దానికి విలువ. మరియు ఒక చోట తీసిన అంకెకు ఒంటరిగా అర్థము లేదు. ఇక్కడికిని అక్కడికిని గల తేడాయే దానిలోని సారము. మూడెకరముల రైతు తన పొలమున మాత్రమే ఈ సర్వే చేయించుకొనినచో పోల్చిచూచుటకు ఎదుటిది లేకపోవును. ఊరి పొలిమేరవరకు వరుసలు సాగినపుడే పూడిన వాగు వాగుగా కనబడును. కావున ఇది యొక్కరు చేయించుకొనదగిన పని కాదు. సంఘము చేయించదగిన పని. ఈ విషయమున సభ్యులు గమనింపవలసిన వానిని క్రింద పొందుపరచుచున్నాము.

1. బెంచిమార్కు రాళ్లను పెరుకరాదు. గట్టు సరిచేయునపుడును, ట్రాక్టరు త్రిప్పునపుడును కదలింపరాదు. కదలిన రాయి లేని రాతికంటె హానికరము. ఏలయన దానిపై వ్రాసిన అంకెను నమ్మి పని చేయుదురు. గ్రామమున నున్న రాళ్ల జాబితాను సంఘపు కార్యాలయమున నుంచవలయును.

2. సర్వే చేయించునపుడు ఎత్తులు ఏ పద్ధతిచే, ఏ సున్ననుండి తీసిరో అడుగవలయును. చేతియంత్రముతో మాత్రమే తీసినచో, గ్రామపు పనికి అది చాలదని చెప్పుటకు సంకోచింపరాదు.

3. బయలుదేరిన చోటికి తిరిగివచ్చి చూచిరా, తేడా యెంత వచ్చినది యని అడుగవలయును. గ్రావిమీటరు స్ప్రింగు కాలక్రమమున కొంచెము సాగును. సూర్యచంద్రుల ఆకర్షణచే అంకె దినములోనే మారును. కావున పెట్టెను గూడ కొన్ని గంటల కొకసారి మొదటి చోటికి తెచ్చి చూడవలసియుండును. కొన్ని చోట్లనైనను రెండుమారులు కొలువని సర్వేను నమ్మరాదు.

4. పూడ్చిన నూతులు, పాతకాలువలు, ఎత్తు చేసిన కల్లములు ఎచ్చట నున్నవో బృందమునకు పెద్దలు తెలుపవలయును. ఊరివారి జ్ఞాపకమునకు ఈ శాస్త్రములో నిజమైన స్థానము కలదు.

5. బావులలో నీటిమట్టమును కొలిచి వ్రాయు సంఘములు, ప్రతి బావి ఒరయొక్క ఎత్తును గూడ లెవెలు తీయించి వ్రాయవలయును. ఒకరి బావిలో నీరు ఎనిమిది మీటర్ల లోతున, వేరొకరి బావిలో పది మీటర్ల లోతున నున్నదనుటచే నీరెటు ప్రవహించుచున్నదో తెలియదు. ఒరల యెత్తులు ఒకే మట్టమునుండి తెలిసినచో వెంటనే తెలియును. ఒకమారు తీయించిన ఆ లెవెలు గురుత్వాకర్షణ సర్వేకును, మురుగుకాలువల పనికిని, చెరువు పూడిక లెక్కకును ఉపకరించును.

మంచి త్రాసును కొనుట ధనముచే సాధ్యము. ఆ త్రాసు నిలిచిన చోటును సరిగా నెరుగుట ఓపికచేతను, నిజాయితీగల లెక్కచేతను, ఊరివారందరి సహకారముచేతను మాత్రమే సాధ్యము. గట్టుమీది చిన్నరాయి ఏ యొక్కరి పొలములో నున్నను అది గ్రామమంతటి సొత్తు. దానిని కాపాడుకొనిన గ్రామమునకు, ఏ శాస్త్రజ్ఞుడు వచ్చినను, ఏ క్రొత్త యంత్రము వచ్చినను ఫలము దక్కును. సభ్యులు వచ్చు సర్వసభ్యసమావేశమున ఈ విషయమును చర్చించి, తమ గ్రామపు రాళ్లను ఒకమారు వెదకి చూచి, జాబితా వ్రాయింతురుగాక యని కోరుచున్నాము.